తలుపు పక్క మంచం

ఆ రోజు కామాక్షమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే ఆత్మకూరు ఆసుపత్రికి పోవడం, పిక్క మీద గడ్డ కోయించుకుని నయమైన కొడుకు గోవిందయ్యను బండెక్కించడం, ఎండ ముదరకముందే దుత్తలూరు దారి పట్టడం. అంతకుమించి ఆమె ఎవరి జోలికీ పోదలచుకోలేదు. అయితే పరాయి పనుల్లో వేలు పెట్టనని కామాక్షమ్మ అనుకున్న రోజునే ఊళ్ళో ఎవరికో ఒకరికి మూడుతుందని ఆమె మరిది నారాయణయ్యకు అనుభవం మీద తెలుసు. అందుకే ఆయన బండిని ఆసుపత్రికి కాస్త దూరంగా, వేపచెట్టు కింద ఆపుకుని ఎద్దులకు గడ్డి వేసుకుంటూ కూర్చున్నాడు.

కరువు వెళ్ళిపోయి అప్పటికి ఏడాదయింది. ఆసుపత్రి అంటే ఒక వసారా, ఒక గది, గదిలో నాలుగు మంచాలు. కామాక్షమ్మ గదిలో అడుగుపెట్టగానే గుండెలో రాయి పడ్డట్టయింది. నిన్న ఎవరో నేల కడిగి మంచాలు మళ్ళీ వేసినట్టున్నారు. కిటికీ పక్కనున్న గోవిందయ్య మంచం దిశ మారిపోయింది. కొడుకు ఉత్తరానికి తల పెట్టుకుని, నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు.

"ఒరే అబ్బయ్యా! లెయ్ రా! ఉత్తరానికి తలబెట్టి పండుకునేది ఎవురురా?"

"ఎవురుమా?" అన్నాడు గోవిందయ్య కళ్ళు నులుముకుంటూ.

ఎవరో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. శవాన్ని అలా పడుకోబెడతారని కన్నకొడుకుతో, అదీ ఆసుపత్రిలో, ఎలా అంటుంది? మంచం తిప్పుదామని చూసింది. అటు గోడ, ఇటు మందుల బీరువా. గదిలో తూర్పు తలగా వేసిన మంచం ఒక్కటే ఉంది, తలుపు పక్కన. దాని మీద ఉదయగిరి వైపు నుంచి వచ్చిన బండి శీనయ్య ఉన్నాడు. బండి చక్రం ఎక్కి అతని ఎడమ పాదం నలిగింది. పోయిన ఏడాదే అతను క్రైస్తవంలో కలిశాడు. మామూలు రోజుల్లో అయితే కామాక్షమ్మ అతని మంచానికి మూరెడు దూరంగా నడిచేది. ఇప్పుడు మాత్రం దగ్గరకే పోయి నిలబడింది.

"శీనయ్యా, మీ మతంలో దిక్కుల పట్టింపు లేదంట గదా?"

"మాకు అన్ని దిక్కులూ దేవుడియ్యేనమ్మా."

"అయితే నాయనా, ఈ కాసింత సేపు మావోడి మంచం మీదికి పోతావా? వాడి తల ఉత్తరానికి ఉండాది."

శీనయ్య నవ్వి కర్ర పట్టుకుని లేచాడు. "నాకేందమ్మా, పోతా. మూణ్ణాళ్ళ బట్టి నొప్పి కూడా లేదు. పాదం అసలు ఉన్నట్టే తెలవడం లేదు. ప్రార్థన బాగా పనిచేసినట్టుండాది" అన్నాడు.

కామాక్షమ్మ తలుపు పక్క మంచం మీద పసుపునీళ్ళు చల్లి, కొడుకును తూర్పు తలగా పడుకోబెట్టి, చెవిలో హితబోధ చేసింది. "ఇవాళ నెల్లూరు నుంచి పెద్ద డాక్టరు దొర వస్తాడంట. ఏమడిగినా సిత్తం దొరా అను. ఎదురు మాట్లాడబాక. పెద్దోళ్ళు నీ మంచికే చేస్తారు." కొడుకు తలూపాడు. గోవిందయ్య నోట్లో నాలుక లేని మనిషి. తల్లికి ఉన్నదే ఇద్దరికి సరిపోతుంది గనక ఇన్నాళ్ళూ ఆ లోటు ఎవరికీ తెలియలేదు. ఆమె టెంకాయ కోసం బజారుకు పోయింది.

ఆమె అటు పోగానే డ్రెస్సరు రామనారాయణ ఇటు వచ్చాడు. కట్లు కట్టడంలో గట్టివాడే గానీ మనుషుల ముఖాలు గుర్తుపెట్టుకునే అలవాటు ఆయనకు లేదు. ఆయన లెక్కలో ఆసుపత్రికి వచ్చేది మంచాలు. కిటికీ పక్క మంచానికి గడ్డ, తలుపు పక్క మంచానికి కుళ్ళిన పాదం. రెండింటికీ ఎడమ కాలికి మోకాలి దాకా కట్టు. ఆయనకు ఇంకో సిద్ధాంతం కూడా ఉంది. రోగికి ముందే సంగతి చెబితే రోగి పారిపోతాడు, కాబట్టి చెప్పకూడదు.

"కిటికీ పక్క మంచం! నీకు నయమైంది. ఇంటికి పో."

"నిజంగానా అయ్యా?" అన్నాడు శీనయ్య.

"చెబితే అర్థం కాదా? పో. తలుపు పక్క మంచం! నువ్వు గంజి తాగొద్దు."

"సిత్తం" అన్నాడు గోవిందయ్య. ఇంటికి పోయి పిండివంటలు తినబోయే వాడికి గంజి ఎందుకని కనిపెట్టి చెప్పిన ఆ పెద్దమనిషి మీద అతనికి గౌరవం కలిగింది.

కామాక్షమ్మ టెంకాయతో తిరిగి వచ్చేసరికి శీనయ్య వేపచెట్టు దగ్గర కర్ర మీద వాలి నిలబడి ఉన్నాడు. "నన్ను పొమ్మన్నారమ్మా! మా ఇంటిది లిదియమ్మ రేపు గానీ రాదు. మెల్లిగా నడుచుకుంటా పోతా" అన్నాడు. ఇంతలో పోవడమేమిటని ఆమెకు వింతగా తోచింది గానీ, ఉండమని, తమ బండిలో దించుతామని చెప్పి ఆసుపత్రి వసారా ఎక్కింది. అప్పటికే దొర వచ్చేశాడు. గది తలుపు మూసి ఉంది. దాని ముందు బంట్రోతు పెంచలనరసయ్య అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"లోపలికి ఎవురూ పోకూడదమ్మా. ఇవాళ కాలు కోస్తా ఉండారు" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవురి కాలు?"

"ఆ బండోడు శీనయ్యది. మోకాలి దాకా తీసేస్తారంట. పాపం వాడికి చెప్పనే లేదు. రంపం నెల్లూరు నుంచి వచ్చింది."

కామాక్షమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. వేపచెట్టు కింద నవ్వుతూ నిలబడిన మనిషి కళ్ళ ముందు మెదిలాడు. అడగ్గానే మంచం ఇచ్చినవాడు. బండి తోలుకుని బతికే వాడికి కాలు లేకపోతే ఏం మిగులుతుంది? పొరపాటునో దేవుడి దయ వల్లనో వీళ్ళు వాణ్ణి వదిలేశారు, మళ్ళీ గుర్తొచ్చేలోపల ఊరు దాటించాలి. అంతే, ఆమె వెనక్కి తిరిగింది. ఎందుకు కోస్తున్నారని అడగాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. పెద్దవాళ్ళను అడగకూడదని ఇందాకే కొడుక్కు చెప్పివచ్చిన మనిషి మరి.

"మరిదీ! శీనయ్యను ఎక్కించుకో. ఉదయగిరి దారిన తోలు. ఎవురు పిలిచినా ఆపబాక, వెనక్కి తిరిగి చూడబాక!"

"మరి గోవిందయ్య?"

"వాడికేం, నయమైనోడు. ఇంకో బండిలో వస్తాం. తోలయ్యా!"

వదిన చెప్పిన పనికి కారణం అడగడం నారాయణయ్య చాలా ఏళ్ళ కిందటే మానుకున్నాడు. శీనయ్య నోరు తెరిచేలోపల బండి కదిలింది. కామాక్షమ్మ వసారాలో కూర్చుని చెంగుతో మొహం తుడుచుకుంది. ఒక మనిషి కాలు నిలబెట్టానన్న తృప్తితో ఆమెకు కళ్ళు చెమర్చాయి.

అంతలో పనిమనిషి మస్తానమ్మ వేడినీళ్ళ తపేలా పట్టుకుని పక్క వాకిట్లోంచి బయటికి వచ్చింది. ఎప్పుడూ ఆడవాళ్ళ వైపు పనిచేసే ఆమెను ఇవాళ సాయానికి పిలిచారు. ఆమె మొహం దిగులుగా ఉంది.

"ఎంత మంచోడమ్మా ఆ పిలగాడు! కాలు కడుగుతా ఉంటే సిత్తం అంటాడు. సారాయి తాపితే సిత్తం అంటాడు. మా అమ్మ టెంకాయ తేబోయింది, వస్తానే కొట్టి ఇంటికి పోతాం అంటా ఉండాడు. నాకు ఏడుపు ఆగలా."

"పాపం" అంది కామాక్షమ్మ. ఆ తర్వాత ఆమె చేయి ఒళ్ళో ఉన్న టెంకాయ మీద ఆగిపోయింది. క్రైస్తవుడికి టెంకాయ ఎందుకు? శీనయ్య బండెక్కి పోయాడు కదా. మరి లోపల ఉన్నది...

"ఏ మంచం?" అంది. లేచి నిలబడింది.

"తలుపు పక్క మంచం."

కామాక్షమ్మ పెట్టిన కేకకు వేపచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. ఆమె తలుపు మీద పడింది. పెంచలనరసయ్య రెండు చేతులూ చాచి, "పోకూడదమ్మా, రూలు!" అన్నాడు.

"లోపలుండేది నా కొడుకురా! శీనయ్య కాదు!"

"నాకు చెప్పింది శీనయ్య అనే."

"నా కొడుకు మొహం నాకు తెలవదా?"

"నీకు తెలుసమ్మా. నాకు రూలు తెలుసు."

తలుపు అవతల ఇనుప సామాను పళ్ళెంలో పెడుతున్న చప్పుడు వినిపించింది.  పుట్టినప్పుడు పిడికెడంత ఉన్న ఆ కాలిని నూనె రాసి సాగదీసి పెంచింది తను. నిన్నటికి నయమైన కాలు అది. ఉత్తరం ఉత్తరమని గోల చేసి, దాన్ని రంపం కిందికి తోసిందీ తనే. ఆమె పెంచలనరసయ్య చంక కింద నుంచి దూరి, చేతిలో ఉన్న టెంకాయతో తలుపును బాదడం మొదలుపెట్టింది. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో తలుపు తెరుచుకుంది, టెంకాయ పగిలింది, నీళ్ళన్నీ పెద్ద డాక్టరు దొర బూట్ల మీద పడ్డాయి.

"ఏమి ఈ గోల?" అన్నాడు దొర. జిల్లాలో చాలా ఏళ్ళుగా ఉన్నవాడు, తెలుగు నిదానంగా మాట్లాడతాడు.

కామాక్షమ్మ ఆయన పక్క నుంచి లోపలికి చూసింది. బల్ల మీద గోవిందయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తాగించిన సారాయికి మొహం వెలిగిపోతోంది. డ్రెస్సరు చేతిలో మత్తుమందు గుడ్డ, పళ్ళెంలో రంపం.

"అమ్మా, వచ్చినావా? మంచం బాగు చేయనీకి రంపం కూడా తెప్పించినారు చూడు" అన్నాడు గోవిందయ్య.

"అది మంచానికి కాదురా, నీ కాలికి!"

గోవిందయ్యకు ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక బల్ల మీద నుంచి ఒక్క దూకు దూకి తల్లి వెనక నిలబడ్డాడు. దొర ఒక్క క్షణం అతన్నీ, రెండు కాళ్ళ మీద గట్టిగా నిలబడ్డ ఆ తీరునూ చూసి, వంగి తనే కట్టు విప్పాడు. పిక్క మీద ఆరిన గాటు తప్ప ఇంకేం లేదు. దొర మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

"ఇతడు సమ్మతించాడని నాతో చెప్పావు" అన్నాడు డ్రెస్సరుతో.

"అడిగానండీ. సమ్మతమేనా అంటే చిత్తం అన్నాడండీ."

"దేనికి సమ్మతమేనా అని అడిగావు?"

రామనారాయణ నేల చూపులు చూశాడు.

"నీవు ఎందుకు అడగలేదు?" అని దొర గోవిందయ్య వైపు తిరిగాడు. "కాలు నీది కదా."

"పెద్దోళ్ళు మంచికే చేస్తా ఉంటే మధ్యలో అడగడం మర్యాద కాదని మా అమ్మ చెప్పింది దొరా."

దొర కామాక్షమ్మ వైపు చూశాడు.  సిగ్గుతో తల దించుకుంది. "మంచాలు మార్చింది కూడా నేనే దొరా. ఎవురికీ చెప్పలా" అంది.

"కుళ్ళిన పాదం మనిషి ఎక్కడ?" అన్నాడు దొర. తమ బండిలో ఇంటికి పంపించేశానని, మూణ్ణాళ్ళుగా నొప్పి కూడా లేదన్నాడని కామాక్షమ్మ చెప్పింది. "వాడికి నొప్పి పోయిందంటే నయమైనట్టు కాదు, పాదం చచ్చిపోతున్నట్టు. ఇంటికి పోతే పది రోజులు బతకడు" అన్నాడు దొర.

అప్పుడు కామాక్షమ్మకు రెండో రాయి పడింది. ఎవరు పిలిచినా ఆపవద్దని చెప్పింది కూడా తనే. నారాయణయ్య ఆపడు. వదిన మాట మీరడమంటే ఆయనకు రంపం కంటే భయం.

"ఒరే అబ్బయ్యా! ఉరకరా!"

గోవిందయ్య ఉరికాడు. సారాయి మీద ఉన్నాడేమో, దారి ఎంత వెడల్పుందో అంతా వాడుకుంటూ ఉరికాడు. బండి ఊరి పొలిమేర దాటాక అందిందట. "ఆపు చిన్నాయనా!" అని అరిస్తే నారాయణయ్య వెనక్కి తిరక్కుండా, "మీ అమ్మ ఆపొద్దనిందిరా!" అని ఎద్దుల్ని ఇంకా అదిలించాడట. చివరికి గోవిందయ్య జొన్నచేలో అడ్డంపడి పోయి, ఎద్దుల ముందు చేతులు చాపి నిలబడితే గానీ బండి ఆగలేదు.

శీనయ్య తిరిగి వచ్చి సంగతి విన్నాడు. మొహంలో నవ్వు ఆరిపోయింది. బల్ల ఎక్కలేదు. కర్ర పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. దొర ఈసారి డ్రెస్సరును పక్కకు జరిపి, ముక్కాలిపీట లాక్కుని శీనయ్య ఎదురుగా కూర్చున్నాడు.

"కోయకపోతే చచ్చిపోతానా దొరా?"

"అవును."

"కోస్తే బతుకుతానా?"

"బతకవచ్చు. మాట ఇవ్వలేను. వద్దంటే నేను ముట్టుకోను."

శీనయ్య వంగి పాదం మీది కట్టును తడుముకున్నాడు. కామాక్షమ్మ దగ్గరికి జరిగింది. ఆగలేక, "ఎంతమేర కోస్తావని అడుగు నాయనా! అన్నీ అడుగు! నన్ను చూసి నేర్చుకోబాక!" అంది.

"ఎంతమేర దొరా?" అన్నాడు శీనయ్య.

"చూసి చెబుతాను" అని దొర కట్టు విప్పాడు. డ్రెస్సరు మాట నమ్మి మోకాలి దాకా తీయడానికి వచ్చిన మనిషి, పాదాన్ని అటూ ఇటూ తిప్పి, నొక్కి, చాలాసేపు చూశాడు. "మడమ బాగుంది. వేళ్ళ వైపు మాత్రం పోవాలి. కర్రతో నడుస్తావు. బండి తోలుతావు" అన్నాడు.

శీనయ్య కళ్ళ నుంచి బొటబొటా నీళ్ళు కారాయి. కాసేపు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. "అయితే కోయండి దొరా. మా లిదియమ్మకు మాత్రం కబురు చేయండి" అన్నాడు. కామాక్షమ్మ అతని చేయి పట్టుకుంది. ముట్టుకున్నానన్న సంగతి ఆమెకు గుర్తుకే రాలేదు.

పని సజావుగా ముగిసింది. చేతులు కడుక్కుంటూ దొర ఆ రోజు నుంచి అమలయ్యే కట్టుబాటు చెప్పాడు. రోగికి ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో ముందుగా చెప్పి, సమ్మతి తీసుకోవాలి. రోగి తన సంగతి దాచకుండా చెప్పాలి, తెలియనిది అడగాలి. అడిగినదానికి డ్రెస్సరు విసుక్కోకుండా జవాబు చెప్పాలి. అలా చెబుతూ చెబుతూ గోవిందయ్య కాలి వైపు చూసి ఆగాడు. మైలు దూరం పరుగెత్తిన పుణ్యమా అని ఆరిన గాటు పగిలి, రక్తం చీలమండ దాకా కారింది.

"ఇతడు ఇంకో పదిరోజులు ఇక్కడే ఉండాలి. సమ్మతమేనా?"

గోవిందయ్య నోరు తెరవబోయాడు. కామాక్షమ్మ అతని నోటికి చేయి అడ్డం పెట్టి, కొంగు దోపుకుని, డ్రెస్సరు ఎదురుగా చతికిలబడింది. "ఎందుకు పదిరోజులు? తొమ్మిదయితే ఏమి? ఆ గుడ్డకు పూసింది ఏంది? దాంట్లో ఏమేం కలిపినారు?"

దొర గబగబా టోపీ పెట్టుకుని నెల్లూరు బండెక్కాడు. పదిరోజులు ఉండాల్సిన గోవిందయ్యకు పూర్తిగా నయమైందని డ్రెస్సరు రామనారాయణ నాలుగో రోజునే ఇంటికి పంపించేశాడు.