పరుపుల శ్రీరంగం తీసిన ఆరా

ఆ సంత రోజు పొద్దున్నే పరుపుల శ్రీరంగానికి ఒక మంచి పని చెయ్యాలనిపించింది. అతనికి మంచి పని చెయ్యాలనిపించిన రోజున ఇంట్లోవాళ్లు కొంచెం జాగ్రత్తగా ఉంటారు. కాని ఆ పూట భార్య సావిత్రి పొయ్యి ముందు, కొడుకు చక్రి అద్దం ముందు ఉండటంతో ఆపేవాళ్లు లేకపోయారు.

కుంట ఊరి బజారులో అతని పరుపుల దుకాణం తండ్రి నాటిది. ఒకప్పుడు బూరుగు దూది పరుపులు తప్ప మరొకటి అమ్మేవాళ్లు కాదు. ఈ మధ్య జగదల్‌పూర్‌లో ఒక కంపెనీ వ్యాపారులందరినీ పిలిచి, కడుపునిండా భోజనం పెట్టి, హైబ్రిడ్ పరుపుల మీద క్లాసు చెప్పింది. కింద స్ప్రింగులు, పైన ఫోమ్. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు మెత్తనిది ఇవ్వాలి, భుజమూ తుంటీ కాస్త దిగాలి గనక. వెల్లకిలా పడుకునేవాళ్లకు మధ్యరకం. బోర్లా పడుకునేవాళ్లకు గట్టిది, లేకపోతే పొట్ట కిందికి దిగి తెల్లారేసరికి నడుము పట్టేస్తుంది. చెమట పట్టేవాళ్లకు స్ప్రింగుల సందున గాలి ఆడుతుంది. ఒకరు దొర్లినా పక్కవారికి కదలిక తెలియదు. శ్రీరంగం భోజనం తర్వాత కూడా కునుకు తియ్యకుండా విన్నాడు. చివర్లో ఆ మాస్టారు చెప్పిన ముక్క అతనికి మరీ నచ్చింది: ఎలా పడుకుంటారని మనిషిని అడగొద్దు, నిద్రపోయేవాడికి ఏం తెలుస్తుంది, దగ్గరివాళ్లను అడగండి.

మూడు రకాలూ ఒక్కొక్కటి తెప్పించి దుకాణంలో గోడకు నిలబెట్టాడు. ఇవాళ బచేలి నుంచి కాబోయే వియ్యంకులు చక్రధరరావు, కృష్ణకుమారి ఇల్లు చూసుకోవడానికి వస్తున్నారు. వాళ్లమ్మాయి అనుపమ అక్కడి బడిలో లెక్కలు చెబుతుంది. దంతెవాడ బ్యాంకులో పనిచేసే చక్రీ, ఆ పిల్లా ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఇల్లు నచ్చితే తాంబూలాలకు రోజు పెట్టుకోవడమే మిగిలింది. ఈ సంబంధం కుదరాలని సావిత్రి మొక్కని దేవుడు లేడు.

కొత్త దంపతులకు ఒక హైబ్రిడ్ పరుపు తన చేత్తో ఇవ్వాలి, అదీ వాళ్లు వచ్చేసరికే సిద్ధంగా ఉండాలి. ఇదీ శ్రీరంగం మంచి పని. చక్రి వెల్లకిలా పడుకుంటాడని సావిత్రి చెప్పింది. ఇక తేలవలసింది కోడలి సంగతి. నేరుగా అడగడం మర్యాద కాదని అతనికి తోచింది. ఆ రోజు మొత్తంలో అతనికి తోచిన మంచి ఆలోచన అదొక్కటే. బచేలిలో వాళ్ల గని కాలనీలోనే ఉండే చిన్నాన్న కొడుకు ఉపేంద్రకు ఫోన్ చేశాడు.

"ఒరే ఉపేంద్రా, చిన్న పని పడ్డది. చక్రధరరావు గారి పిల్ల ఎట్ల పడుకుంటదో కనుక్కొని చెప్పు."

ఉపేంద్ర ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఏంది అన్నా?"

"పండుకునేది రా. పక్కకా, వెల్లకిలనా, బోర్లనా. రాత్రిపూట దొర్లుతదా, చెమట పడ్తదా, మధ్యల లేస్తదా. అంత కావాలె."

"ఎందుకన్నా?"

"ఎందుకో ఎవరికీ చెప్పొద్దు. వాళ్లకు బిల్‌కుల్ తెల్వొద్దు. జల్దీ కనుక్కో."

ఉపేంద్ర మాట మీద నిలబడే మనిషి. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, అతనికీ తెలియదు గనక. పెళ్లి సంబంధం నడుస్తుండగా మగపెళ్లివారు పిల్లను గురించి చాటుగా ఆరా తీస్తే, దానికి కారణం కూడా చెప్పకపోతే, ఆ కారణాన్ని ఊరే వెతుక్కుంటుంది. ఉపేంద్ర భార్య దుర్గాభవాని పొద్దుటి నడకలో పక్క క్వార్టరు ఆవిడను అడిగింది, అనుపమ రాత్రిపూట లేస్తుందా అని. ఆ వరస క్వార్టర్లు దాటేసరికి లేస్తుందట అయింది. ఆసుపత్రి మలుపు తిరిగేసరికి లేచి నడుస్తుందట అయింది. అనుపమ తల్లి కృష్ణకుమారి ప్రయాణానికి చీర కట్టుకుంటున్న గదిలోకి ఆ మాట వచ్చేసరికి ఆ పిల్ల నిద్రలో లేచి, తలుపు గడియ తీసుకుని, కొండ దారి పట్టి పోతోంది.

ఇదేమీ తెలియని శ్రీరంగం దుకాణంలో కూచుని కొనేవాళ్ల మీద సాధన మొదలుపెట్టాడు. భేజ్జి నుంచి సంతకు వచ్చిన కోస అనే రైతు దోమతెర బేరం చేస్తుంటే మధ్యలో ఆపాడు.

"కోసా, నువ్వు ఎట్ల పండుకుంటవ్?"

"ఎట్లేంది సేటూ, కండ్లు మూసుకొని."

"అది కాదు. పక్కకా, వెల్లకిలనా?"

"పండుకున్నంక నాకేమెరుక? మా ఇంటిది ముయెకు తెలుస్తది."

"శభాష్! మా క్లాసుల గూడ అదే చెప్పిన్రు. అయితే ముయెను అడుగు. ఆమె ఎట్ల పండుకుంటదో గూడ అడుగు."

కోస దోమతెర చంకన పెట్టుకుని అతన్ని ఎగాదిగా చూశాడు. "సేటూ, నువ్వు మంచోనివి గనక చెప్తున్న. ఈ ముచ్చట సంతల అందర్ని అడుగకు. తన్నులు తింటవ్," అని వెళ్లిపోయాడు.

కోస అటు వెళ్లగానే ఉపేంద్ర ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి, "అన్నా, ఆ పిల్ల రాత్రి లేస్తదంట. నడుస్తదంట గూడ," అన్నాడు.

తాను విసిరిన రాయే తిరిగి వచ్చి తన ఒళ్లో పడిందని శ్రీరంగానికి తెలియదు. పైగా జాలిపడ్డాడు. గని క్వార్టర్లలో పాత పరుపు, స్ప్రింగు లేదు, ఫోమ్ లేదు, లేచి నడవక ఏం చేస్తుంది పాపం అనుకున్నాడు. మూడింటిలో మెత్తని పరుపును ముందుకు లాగి, ప్లాస్టిక్ కవరు తీసి, నేల మీద పరిచాడు.

మధ్యాహ్నానికి వియ్యంకుల జీపు వచ్చింది, అనుపమ కూడా వాళ్లతోనే దిగింది. చక్రధరరావు గనిలో ఫోర్‌మన్, విజయనగరం నుంచి వచ్చి బచేలిలో స్థిరపడ్డ మనిషి. మామూలుగా దిగుతూనే నలుగురినీ పలకరించేవాడు, ఆ పూట ఎవరివైపూ చూడకుండా లోపలికి నడిచాడు. దుకాణం వెనకే ఇల్లు. అందరూ కూచున్నాక సావిత్రి మంచినీళ్లు తెచ్చింది. ఎవరూ గ్లాసు ముట్టుకోలేదు. నీళ్ల పళ్లెం పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయింది.

"నీళ్లు తరవాత తాగుతామండి," అంది కృష్ణకుమారి. "ముందు ఒక మాట చెప్పండి. మా అమ్మాయి గురించి కాలనీలో వాకబు చేయించింది మీరేనా?"

శ్రీరంగం మొహం వెలిగిపోయింది. "అరెరె, తెలిసిపోయిందా!" అని నవ్వాడు.

"తెలిసింది లెండి. మాకంటే ముందు బచేలి అంతా తెలిసింది."

"మీరేం ఫికర్ చెయ్యకున్రి చెల్లెమ్మా. నడుస్తే నడువనీ. దానికి నా తాన ఇలాజ్ ఉన్నది. మెత్తటిది తీసి పెట్టిన. దాని మీద పండుకుంటే అమ్మాయి మళ్ల లేస్తే నన్నడుగున్రి."

చక్రధరరావు లేచి నిలబడ్డాడు.

"పదండి పోదాం," అన్నాడు భార్యతో. "మా పిల్లకి ఏ రోగం ఉందని మందు తీసి పెట్టాడీయన? ఇంటికి పిలిచి మరీ అవమానం చేస్తారా?"

"నాన్నా, ఏం చేసినవ్?" అన్నాడు చక్రి. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. సావిత్రి పళ్లెం దభాలున బల్ల మీద పెట్టింది, గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. ఆ చప్పుడుకు శ్రీరంగానికి కళ్లు తెరుచుకున్నాయి. తను ఏం అడిగించాడో, అది ఎక్కడెక్కడ తిరిగి ఏమై వచ్చిందో ఒక్కసారిగా అర్థమైంది. నేల విచ్చితే అందులో దూరిపోదామనిపించింది. అది విచ్చలేదు గనక, చేతులు జోడించి వాళ్లను దుకాణంలోకి రమ్మని బతిమాలాడు.

మూడు పరుపుల ముందు నిలబడి, పాఠం అప్పజెప్పే బడిపిల్లవాడిలా మొదలుపెట్టాడు. పక్కకు పడుకుంటే ఇది, వెల్లకిలా అయితే అది, బోర్లా అయితే గోడకున్నది. పిల్లలకు ఇద్దామనుకున్నా, ముందే తెలిస్తే బాగుండదని దాచమన్నా. "రోగం కోసం కాదు బావగారూ, పరుపు కోసం," అని ఆగిపోయాడు. యాభై దాటిన మనిషికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

చక్రధరరావు పరుపులను చూశాడు, భార్యను చూశాడు, చివరికి వెనక్కి వాలినట్టుగా మెత్తని పరుపు మీద కూలబడ్డాడు. అది దిగవలసినంత దిగింది.

"ఇంతకీ పరుపు కోసమా?" అన్నాడు.

ముందు నవ్వింది అనుపమే. నవ్వి, చీర కొంగుతో కళ్లు తుడుచుకుని అంది. "నేను బోర్లా పడుకుంటాను, మామయ్యా. లేవను, నడవను. అలారం మోగినా లేవనని అమ్మ రోజూ తిడుతుంది."

మామయ్యా అన్న ఆ ఒక్క మాటతో చక్రి ఊపిరి పీల్చుకున్నాడు. కృష్ణకుమారి మాత్రం అంత తొందరగా చల్లారలేదు.

"మరి మా కాలనీలో పడ్డ మాట?"

"నేనే వచ్చి ఇంటింటికీ తిరిగి చెప్త చెల్లెమ్మా."

"వద్దు బాబూ!" అంది ఆవిడ చేతులు అడ్డం పెట్టి. "మీరు రావద్దు, ఎవరినీ ఏమీ అడగొద్దు. మా పాట్లు మేం పడతాం."

అక్కడితో గండం గడిచిందని శ్రీరంగం అనుకున్నాడు. పరువు కొద్దిగా పోయినా సంబంధం నిలిచింది, అంతే చాలు. అనుపమ మధ్యరకం పరుపు మీద చెయ్యి వేసి నొక్కి చూస్తూ, మనసులో ఏమీ లేకుండానే అడిగింది.

"ఇంత వివరం తెలుసుకున్నారు కదా మామయ్యా, మరి అత్తయ్య ఎలా పడుకుంటారు? ఆవిడకి ఏది ఇచ్చారు?"

శ్రీరంగం సావిత్రి వైపు తిరిగాడు. పెళ్లయిన నాటి నుంచి ఒకే ఇంట్లో ఉన్నారు. ఆమె వంటిల్లు సర్దేలోపు అతను నిద్రపోతాడు, అతను లేచేసరికి ఆమె కాఫీ కలుపుతూ ఉంటుంది. మధ్యలో ఆమె ఏమవుతుందో అతనెప్పుడూ ఆలోచించలేదు.

"పక్కకు," అన్నాడు. సావిత్రి మొహం చూసి, "కాదు కాదు, వెల్లకిల," అన్నాడు.

"చెప్పున్రి, నేను గూడ వింట," అంది సావిత్రి. కోపం లేదు ఆమె గొంతులో. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

చక్రి తల వంచుకుని మెల్లగా అన్నాడు. "నాన్నా, అమ్మ ఆ గదిల పండుకోక చానా ఏండ్లయితాంది. వంటింట్ల చాప మీద పండుకుంటది."

"ఏ చాప?"

"తలుపు వెనుక చుట్టి పెట్టేది."

ఆ చాపను శ్రీరంగం రోజూ చూస్తాడు. మిరపకాయలు ఎండబోసే చాప అనుకున్నాడు.

"ఏం చెయ్యాలె మరి," అంది సావిత్రి వియ్యపురాలి వైపు తిరిగి, ఎవరో పొరుగింటాయన సంగతి చెబుతున్నట్టు. "ఈయన మంచానికి అడ్డం పండుకుంటరు. కుడికాలు గోడకు తంతరు. గురక మొదలు సన్నగ ఉంటది, తెల్లారగట్ల జీపు ఎక్కినట్టుంటది. ఒకసారి లేపితే, నాకు గురకేంది అని నామీదనే లేచిన్రు. మళ్ల లేపలే."

శ్రీరంగం తల ఎత్తలేకపోయాడు. వియ్యంకుల ముందు పోయిన పరువు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఆ పరువు మళ్లీ వస్తుంది. పరాయి పిల్ల నిద్ర గురించి ఊరవతల ఆరా తీయించిన తాను, ఇంట్లో మనిషి ఎక్కడ పడుకుంటుందో కూడా ఎరగడు. పరుపుల వ్యాపారి భార్య నేల మీద పడుకుంటోంది. ఆ సిగ్గు ఎక్కడ దాచుకోవాలో అతనికి తెలియలేదు.

"ఏది తీసుకుంటవ్ సావిత్రీ? ఏదైనా తీసుకో," అన్నాడు నేల చూస్తూ.

"నాకెందుకు ఇయ్యన్ని."

"ఒక్కసారి పడుకుని చూడండి, అత్తయ్యా," అని అనుపమ చెయ్యి పట్టుకుంది. కృష్ణకుమారి మగవాళ్లను ముగ్గురినీ వాకిట్లోకి తోసి, దుకాణం తలుపు దగ్గరగా వేసింది. వేకువనే లేచి వియ్యంకుల కోసం పిండివంటలు చేసిన సావిత్రి, తను ఎంత వద్దన్నా వాళ్లు వినకపోవడంతో, మెత్తని పరుపు మీద ఒక్క క్షణమని నడుము వాల్చింది. అప్పుడు వాల్చిన నడుము మళ్లీ లేవలేదు.

కాసేపటికి శ్రీరంగం తలుపు సందులోంచి చూశాడు. సావిత్రి ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, చెంప కింద అరచెయ్యి పెట్టుకుని నిద్రపోతోంది. ఆమె అలా పడుకుంటుందన్నమాట. అతను చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఆమెను లేపడానికి ఎవరికీ మనసు రాలేదు. టీ చక్రి పెట్టాడు, అందులో పంచదార మరిచిపోయాడు. తాంబూలాల రోజును చక్రధరరావు గుసగుసగా ప్రతిపాదిస్తే శ్రీరంగం గుసగుసగానే ఒప్పుకున్నాడు.

సంత విరిగే వేళకు కోస మళ్లీ వచ్చాడు. అరుగు కింద నుంచే కేకేశాడు. "సేటూ! ముయెను అడిగిన. నేను బోర్ల పండుకుంటనంట. ఆమె పక్కకు. ఆమెది నాకు మొదటి నుంచి ఎరుకనే, నువ్వడిగినప్పుడు చెప్పనీకి సిగ్గయింది." తలుపు సందులోంచి లోపలికి తొంగిచూసి, "మీ ఇంటామె పండుకున్న పరుపు ఎంత?" అన్నాడు.

శ్రీరంగం పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. "మెల్లగ. అది అమ్ముడుపోయింది."

ఆనాటి నుంచి పరుపుల శ్రీరంగం ఎవరినీ ఎలా పడుకుంటారని అడగలేదు. గది సావిత్రికి వదిలి తను వంటింట్లోకి మారాక, నడుము పట్టకుండా చాప మీద పడుకోవడం ఎలాగో మాత్రం ఆమెను అడిగి నేర్చుకుంటున్నాడు.