ఎడమ భుజానికి అందని రాజమర్యాద

ఒక పెద్ద అడవిలో, అదీ ఆఫ్రికా అడవిలో, ఇంతవరకు ఏ రెండు దేశాల మధ్యా జరగనంత గొప్ప శాంతి ఒప్పందం జరిగింది. దానికి ప్రత్యక్ష సాక్షిని నేనే. ఒప్పందం అన్నాను కదా అని సంతకాలు చూపించమనకండి, సంతకాలు కాలేదు. ప్రత్యక్షం అన్నాను కదా అని ఏం చూశావని నిలదీయకండి, చాలాసేపు నాకు కనబడింది ఒక దున్నపోతు చెవి వెనక భాగం. నేను గేదెల వీపుల మీద వాలి గోమార్లు ఏరుకు తినే పిట్టను. చరిత్రకు ఇంతకంటే దగ్గర సీటు మా జాతికి దొరకదు.

ఆ అడవిలో ఒక నది ఉంది. నది మలుపులో లోతైన మడుగు. ఆ మడుగు నీటిగుర్రాలది, దాని పేరు మడుగుదేశం. ఒడ్డెక్కితే కనుచూపు మేర పచ్చిక. అది అడవిగేదెలది, దాని పేరు పచ్చికదేశం.

మడుగుదేశానికి అధ్యక్షుడు కిబోకో. నోరు తెరిస్తే గుహ, మూస్తే గుండ్రాయి. పచ్చికదేశానికి అధ్యక్షుడు ఎంబోగో. కొమ్ములు చూస్తే భయం వేస్తుంది, కబుర్లు వింటే నిద్ర వస్తుంది. నా ఉద్యోగం ఎక్కువగా ఈయన మీదే.

ఈ రెండు దేశాల మధ్య సంబంధాలు ఎలా ఉండేవంటే, అసలు సంబంధాలు అనే మాటే ఎవరికీ తట్టేది కాదు. మధ్యాహ్నం గేదెలు వచ్చి మడుగులో నీళ్ళు తాగి, బురదలో పొర్లి వెళ్ళిపోయేవి. పొద్దుగూకాక నీటిగుర్రాలు ఒడ్డెక్కి గడ్డి మేసి వెళ్ళిపోయేవి. ఒకసారి ఒక గేదె తెలియక ఒక నీటిగుర్రప్పిల్ల ముక్కు తొక్కింది. పిల్ల తల్లి నాలుగు తిట్టింది. గేదె "కళ్ళు కనబళ్ళేదమ్మా" అంది. అక్కడితో అయిపోయింది.

అయిపోయేదే. కానీ ఒడ్డున ఒంటికాలి మీద నిలబడ్డ కొరోంగో అది విన్నాడు.

కొరోంగో బోడితల కొంగ. నల్లకోటు వేసుకున్నట్టు రెక్కలు, మెడ కింద సంచి, ఎవరు పోయినా ముందు వచ్చి నిలబడే మొహం. చాలా అడవులు తిరిగినవాడు. అతను ఇద్దరు అధ్యక్షులనీ పిలిపించి, మీ మధ్య దౌత్య సంబంధాలు ఏ స్థాయిలో ఉన్నాయని అడిగాడు. మేం వచ్చి నీళ్ళు తాగుతాం, వాళ్ళు వచ్చి గడ్డి తింటారు అన్నాడు ఎంబోగో.

"అంటే, ఒప్పందం లేకుండానే తాగుతున్నారా?" అన్నాడు కొరోంగో మెల్లగా.

ఆ మెల్లదనంలోనే ఉంది అతని గొప్పతనం. అధ్యక్షులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని సిగ్గుపడ్డారు. ఇన్నాళ్ళూ ఇంత నామర్దాగా బతికామా అనుకున్నారు.

మర్నాటికల్లా శాంతి సహకార సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు కొరోంగో, సభ్యులు అతని బావమరుదులు. సంఘం మొదటి పనిగా మడుగు ఒడ్డు పొడుగునా ఒక పట్టీ గీసి శాంతి మండలం అని ప్రకటించింది. ఒప్పందం అయ్యేదాకా ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు దాన్ని దాటకూడదు. దాటితే శాంతికి భంగం. పరిశీలన కోసం సంఘం సభ్యులు మాత్రం అక్కడ తిరగొచ్చు.

ఎండాకాలం ముదిరే కొద్దీ నది తగ్గి, ఆ పట్టీలో నీటిగుంటలు మిగిలాయి. గుంటల నిండా చేపలు. సంఘం సభ్యులు పొద్దున లేచింది మొదలు ముక్కులు ముంచి పరిశీలించేవారు. గేదెల గిట్టల గోల లేదు, నీటిగుర్రాల అలల గోల లేదు. ఇంత ప్రశాంతంగా తిండి తిన్న కొంగలు కొంగల చరిత్రలోనే లేవు.

ఒప్పందం మాత్రం ముందుకు కదల్లేదు. దాన్ని రాసేది అరటాకు మీద. ఒక మాట దగ్గర పేచీ వచ్చి అది తేలేలోపు ఆకు ఎండి చిట్లిపోయేది. కొత్త ఆకు తెచ్చి మళ్ళీ మొదటి మాట నుంచి. ఆపైన కూర్చునే చోటు గొడవ. ఒంటికి ఎండ పడదని కిబోకో నీళ్ళలోంచి రానన్నాడు. నీళ్ళలో నిలబడి మాట్లాడటం మా హోదాకు తగదని ఎంబోగో అన్నాడు. ఈ మాట అన్నప్పుడు ఆయన నాలుక ఎండిపోయి బయటికి వేలాడుతోంది. నేను పైనుంచి చూశాను.

ఇక్కడ నవ్వు కాసేపు ఆపుతాను. గేదెలు నీళ్ళ కోసం ఎక్కడో కొండ అవతల బురదగుంటకు నడిచి వెళ్ళాల్సి వచ్చేది. మందలో పెద్దది మాసికా. ఆవిడ మనవరాలు అప్పుడే పుట్టిన దూడ. దానికి అంత దూరం నడిచే కాళ్ళు లేవు, తల్లి పొదుగులో పాలు లేవు. మాసికా రోజూ దాన్ని ఒడ్డు దాకా తీసుకొచ్చేది. పట్టీకి ఇవతల నిలబడి అవతలి నీళ్ళను ఇద్దరూ చూసేవాళ్ళు. చూడటానికి అనుమతి ఉంది.

నీటిగుర్రాల గతీ అంతే. నది అవతలి ఒడ్డున గీక్కుతినడానికి రాళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. కిబోకో పొట్ట మీద మడతలు పడ్డాయి. ఆఖరికి అధ్యక్షులిద్దరూ, ఏ సలహాదారు మాటా వినకుండా, రేపే సంతకాలు అని కబురు పెట్టుకున్నారు.

కొరోంగోకు గొంతులో చేప అడ్డంపడింది.

అతను ముందు కిబోకో దగ్గరికి వెళ్ళాడు. నీటిగుర్రాల్లో ఒక ఆచారం ఉంది. పెద్దవాళ్ళు తమ హోదా చూపించాల్సి వచ్చినప్పుడు వెనక్కి తిరిగి, పేడ వేస్తూ తోకను గిర్రున తిప్పుతారు. అది నలుదిక్కులా చిమ్ముతుంది. ఎంత దూరం చిమ్మితే అంత మర్యాద. వచ్చే అతిథికి ఆ రాజమర్యాద చేయకపోతే దేశం పరువేం కావాలని కొరోంగో అడిగాడు. బయటివాళ్ళకు అలవాటు ఉండదేమోనని కిబోకో నసిగాడు. అతిథిని బట్టి మర్యాద తగ్గిస్తారా అన్నాడు కొరోంగో.

తర్వాత ఎంబోగో దగ్గరికి వచ్చి, రేపు సభలో ఏదైనా అవమానం జరిగితే మాట్లాడకుండా లేచి వచ్చేయండి, దేశ గౌరవం మీ కొమ్ముల మీద ఉంది అని చెప్పాడు. కొమ్ముల మీద ఉన్నది నేను. అయినా ఊరుకున్నాను.

సభ జరిగింది. చోటు గొడవ ఎలా తీరిందంటే, కిబోకో వెనక కాళ్ళు నీళ్ళలో, ముందు కాళ్ళు బురదలో. ఎంబోగో ముందు కాళ్ళు బురదలో, వెనక కాళ్ళు పొడినేల మీద. ఓ పక్కన అరటాకు పట్టుకుని కొరోంగో. వెనకాల చెట్టు నీడలో గేదెల మంద మొత్తం చూడటానికి వచ్చి పడుకుంది. ఎండ మండుతోంది. ఎంబోగో ఒంటి నిండా ఈగలు. నేను ఒక్కణ్ణి ఎన్నని పట్టగలను?

కిబోకో గంభీరంగా వెనక్కి తిరిగాడు. తోక లేచింది. గిర్రున తిరిగింది.

ఎంబోగో మొహం, మెడ, కుడి భుజం, ఛాతీ అన్నీ పచ్చగా అయిపోయాయి. నేను ముందే చెవి వెనక్కి వెళ్ళిపోయాను. ఆకులో మొహం దాచుకుని కొరోంగో ఎదురుచూస్తున్నాడు, ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు లేస్తాడు అని.

ఎంబోగో లేవలేదు. కళ్ళు మూసుకున్నాడు. బురద పూసుకుని ఎన్నాళ్ళయిందో పాపం. ఈగలన్నీ చప్పున లేచిపోయాయి. చల్లటి తడి చర్మంలోకి ఇంకుతోంది.

"ఎడమ భుజం మీద పడలేదు" అన్నాడు, చాలా సౌమ్యంగా.

కిబోకోకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. తన దేశంలో కూడా ఎవరూ ఇంతగా ఆదరించలేదు. అయ్యో బావగారూ, ఎంత మాట అంటూ మళ్ళీ సర్దుకున్నాడు. ఇది అవమానం, చర్చలు వాయిదా అని చెప్పడానికి కొరోంగో ఇద్దరి మధ్యకీ గబగబా వచ్చాడు. సరిగ్గా అప్పుడే తోక తిరిగింది. ఆ బోడితల మీద మడుగుదేశపు మర్యాద సంపూర్ణంగా నిలిచింది.

ఎంబోగో ఎడమ భుజానికి మాత్రం రెండోసారీ అందలేదు.

ఇంతలో మంద వైపు కదలిక. మాసికా లేచి నిలబడింది. మనవరాలు పక్కన పడుకునే ఉంది, తల ఎత్తడం లేదు. మాసికా నీళ్ళ వైపు మొహం పెట్టి కదలకుండా నిలుచుంది.

కళ్ళు తుడుచుకుంటూ కొరోంగో, సభ మధ్యలో లేవకూడదు, కూర్చోండి పెద్దమ్మా అన్నాడు.

"నేను లేవలేదు నాయనా, ఓటు వేస్తున్నాను" అంది మాసికా.

ఈ సంగతి కొరోంగో ఇన్ని అడవులు తిరిగీ తెలుసుకోలేదు. పచ్చికదేశంలో మంద ఎటు వెళ్ళాలో ఆడగేదెలే తేలుస్తాయి. పడుకున్న చోటు నుంచి లేచి, వెళ్ళాలనుకున్న వైపు మొహం పెట్టి నిలబడతాయి. ఎక్కువమంది ఎటు చూస్తే మంద అటు. దున్నపోతులు వెనకాలే నడిచి, తామే తీసుకెళ్ళామని చెప్పుకుంటాయి. అధ్యక్షుడు కూడా అందుకు మినహాయింపు కాదు.

మాసికా పక్కన ఇంకొకటి లేచింది. దాని పక్కన ఇంకొకటి. చెట్టు నీడంతా లేచి నిలబడింది. ఒక్క మొహం కూడా వేరే దిక్కు చూడలేదు.

ఆ తర్వాత జరిగినదాన్ని ఉల్లంఘన అనడానికి ఎవరికీ నోరు రాలేదు, దారి ఇవ్వడానికే సమయం సరిపోయింది. మంద శాంతి మండలం మీదుగా నేరుగా మడుగులోకి నడిచింది. నీటిగుర్రాలు పక్కకు జరిగి చోటిచ్చాయి. ముక్కు తొక్కించుకున్న పిల్ల తల్లే, ఈ పక్క లోతు తక్కువ, దూడను ఇటు తీసుకురా వదినా అని పిలిచింది. దూడ మూతి నీళ్ళలో పెట్టింది. మొదట కదల్లేదు. తర్వాత గుటక వేసిన చప్పుడు నాకు కొమ్ము మీదికి వినిపించింది.

ఒప్పందాన్ని ఒక గేదెపడ్డ నమిలేసింది. లేత ఆకు, బాగుందట.

ఆ సాయంత్రం నీటిగుర్రాలు ఒడ్డెక్కి కడుపునిండా మేశాయి. కొరోంగో తల కడుక్కుని పక్క అడవికి వెళ్ళిపోయాడు. అక్కడ రెండు దేశాలకు శాంతి ఎలా తెచ్చాడో ఉపన్యాసాలు ఇస్తున్నాడట. డిమాండ్ బాగానే ఉందని విన్నాను.

ఈ కథలో నీతి: శాంతి చర్చలు చల్లగా సాగాలంటే దాహం వేసినవాళ్ళను సభకు రానివ్వకూడదు.

ఇది నా సొంత నీతి కాదు, శాంతి స్మారక సంఘం మొదటి తీర్మానం. ఆ మహత్తర ఘట్టం జరిగిన ఒడ్డును గిట్టల పాలు కాకుండా కాపాడాలని అధ్యక్షులిద్దరూ ఈమధ్యే సంఘం వేశారు. చుట్టూ ముళ్ళకంప నాటించి, పరిశీలకులు తప్ప ఎవరూ అటు రాకూడదని బోర్డు కూడా పెట్టించారు. రెండు దేశాల వీపుల మీదా సమానంగా వాలేవాడు కావాలని వెతికి, కార్యదర్శిగా ఒకణ్ణి ఎంచుకున్నారు. ఎలా చెప్పాలో తెలియడం లేదు గానీ, ఆ ఒకణ్ణి నేనే.