చైర్మన్ గారి చేయూత

"ఇకమీదట ఈ జిల్లాలో చెయ్యి లేని మనిషి ఉండడానికి వీల్లేదు!" అని మా ఇంజనీరింగ్ కాలేజీ చైర్మన్ శివనాగరాజు గారు ప్రకటించారు. 2004లో, చిలకలూరిపేట రోడ్డు మీదున్న ఆ కాలేజీలో నేను ఎలక్ట్రానిక్స్ లెక్చరర్ని. చైర్మన్ గారికి విద్యాదానం పార్ట్‌టైము. ఫుల్‌టైము పత్తి జిన్నింగు మిల్లు.

ప్రకటనకి కారణం మా ఫైనలియర్ విద్యార్థిని సౌజన్య. ప్లాస్టిక్ చెయ్యి ఒకటి తయారుచేసింది. కండ బిగించినప్పుడు చర్మం మీద పుట్టే పిసరంత కరెంటుని పట్టి, పెంచి, అందులోని రొద వడకట్టి మైక్రోకంట్రోలర్ అనే బుల్లి చిప్పుకి అందించింది. అది మోటారుకి చెబితే ప్లాస్టిక్ వేళ్లు ముడుచుకుంటాయి.

పరీక్షకి రసూల్‌బీని తీసుకొచ్చింది. మిల్లు పనిలో కుడి అరచెయ్యి పోగొట్టుకున్న మనిషి. మొండిచేతికి ఆ కరెంటు పట్టే పట్టీలు అంటించి, "పిడికిలి బిగించు పిన్నీ" అంది.

"లేని పిడికిలి ఎట్టా బిగించనే?" అంటూనే బిగించింది. ప్లాస్టిక్ వేళ్లు టక్కున మూసుకున్నాయి!

"అల్లా! నా చెయ్యి లోపల ఇంకా బతికే ఉందే!" అని ఏడుస్తూ నవ్వింది. ఆ చేత్తోనే గ్లాసు పట్టుకుని మంచినీళ్లు తాగింది.

ఇంతలో చైర్మన్ గారు వేంచేశారు. "ఎక్కడ పోయిందమ్మా చెయ్యి?" అని కరుణ కురిపించారు.

"మీ మిల్లులోనే అయ్యా! నా అజాగ్రత్తేనని నన్ను తోలేశారు గదా!"

చైర్మన్ గారి మొహంలో సిగ్నల్ పోయింది. నన్ను పక్కకి పిలిచి, "రొద ఎక్కువైంది మాస్టారూ! రేపు కాలేజీ గుర్తింపు కోసం వచ్చే ఇన్‌స్పెక్షన్ కమిటీ ముందు ఈవిడ వద్దు" అన్నారు.

ఇంకో మొండిచెయ్యి తెల్లారేసరికి ఎక్కడ దొరుకుతుంది? ఆయన బావమరిదినే కూర్చోబెట్టారు. నిక్షేపంగా ఉన్న కుడిచేతిని చొక్కాలోపల మడిచి, దానికే పట్టీలు అంటించి, ఖాళీ చొక్కాచేతిలోంచి ప్లాస్టిక్ చెయ్యి బయటపెట్టారు. కమిటీ పెద్దాయన కరచాలనం చేసి మురిసిపోయారు. చప్పట్లు మోగాయి. బావమరిదికి ఉత్సాహం ఆగలేదు. తనూ చప్పట్లు కొట్టాడు! గుండీలు తెంచుకుని అసలు చెయ్యి బయటికొచ్చింది.

చైర్మన్ గారు తడుముకోలేదు. "చూశారా! మా పరిశోధనకి పోయిన చెయ్యే మళ్లీ మొలిచింది!"

కమిటీ వారు గంభీరంగా తలలూపి భోజనాలకి లేచారు.

సౌజన్య ప్లాస్టిక్ చేతిని సంచిలో వేసుకుని గేటువైపు నడిచింది.

"ఏయ్ అమ్మాయ్, ఆగు! అది కాలేజీ సొత్తు!" అని చైర్మన్ గారు అరిచారు.

"మీ దగ్గర చేతులే మొలుస్తున్నాయి గదండీ, ఇది మీకెందుకు? మొలవని రసూల్‌బీకి ఇచ్చొస్తా!"

కమిటీ పెద్దాయన అక్కడే చెయ్యి కడుక్కుంటూ వింటున్నారు. చైర్మన్ గారు పళ్లు బిగించి నవ్వి, గేటు తీయమని వాచ్‌మన్‌కి చెప్పారు.