తెల్ల పండ్ల తాలూకా

క్రిస్మస్ దగ్గరపడుతుండగా పత్తికొండ వైపున్న ఆ పాలెంలో దండోరా పడింది.

"తాలూకా బోర్డు ప్రెసిడెంటు కంబగిరిరెడ్డి గారి హుకుం! పండగ భోజనాల్లో ఎవరి పండ్లకూ రంగు అంటకూడదహో!"

"ఏ పండ్లకప్పా?" అని అడిగింది ఓబులమ్మ, ఒడినిండా నాగజెముడు పండ్లు పెట్టుకుని.

"నోట్లో ఉండేవమ్మా," అన్నాడు దండోరా వేసే ఏసన్న.

"నా నోట్లో ఉండేవీ ఇవే గదప్పా!" అని నోరు తెరిచి చూపింది. లోపలంతా ఎర్రగా ఉంది.

దావీదురాజు ఆ పాలెం మిషన్ బడిలో అయ్యవారు. రెండేళ్లుగా వానల్లేవు. గాదెల్లో జొన్నలు అడుగంటి, పాలెమంతా ముళ్లు దులుపుకుని జెముడు పండ్లు తిని బతుకుతోంది. వాటి రసం పళ్లకు పట్టిందంటే ఒక పట్టాన వదలదు. గంజి కేంద్రం పెట్టించండని ప్రెసిడెంటు గారి వాకిట్లో నిలబడి నిలబడి అయ్యవారి కాళ్లు అరిగాయి.

ఈసారి రెడ్డి గారే పిలిపించారు. ప్రజల దంతాల మీద ఆయనకున్న శ్రద్ధ అప్పటిదాకా ఎవరికీ తెలియదు, ఆయనకు కూడా.

"ఏమప్పా దావీదురాజూ, కలెక్టరు దొర మీ పాలెంలో పండగ భోజనాలు చూసేకి వస్తాండాడు. తాలూకా సుభిక్షంగా ఉండాదని నేను రిపోర్టు పంపిండా. ఈ ఎర్ర నోర్లు చూస్తే ఏమనుకుంటాడు?"

"ఆకలి అనుకుంటాడు సామీ."

"అదే గదప్పా అపార్థం! నిన్ను దంతరక్షణ ఆనరరీ ఇన్‌స్పెక్టరుగా వేస్తాండా. ఒక్క పన్ను ఎర్రగా కనపడకూడదు. దొర సంతోషంగా ఉన్నప్పుడు గంజి కేంద్రం సంగతి నేను అడుగుతా."

గంజి మాట వినగానే దావీదురాజు ఒప్పుకున్నాడు. ఆనరరీ అంటే జీతం ఉండదని తర్వాత తెలిసింది.

ముందు రెడ్డి గారు ఊరి చుట్టూ ఉన్న జెముడు పొదలన్నీ కాల్పించారు. తర్వాత దావీదురాజు ఇంటింటికీ తిరిగి వేపపుల్లలతో, బొగ్గుపొడితో అందరి పళ్లూ తోమించాడు. చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చింది. అది సొంత రంగే గనక రెడ్డి గారు అభ్యంతరం చెప్పలేదు.

పండగ వంటకాల మీద బోర్డు ప్రత్యేకంగా సమావేశమైంది. పసుపు ఉంటుందని పప్పు కొట్టేశారు. నల్లగా ఉంటుందని పులుసు కొట్టేశారు. కారం ఎర్రన, మాంసం కూర పోయింది. బెల్లం రంగు అనుమానాస్పదంగా ఉందని పాయసమూ పోయింది.

"తెల్లన్నం మిగిలింది సామీ," అన్నాడు దావీదురాజు ఆశగా.

"ఉట్టన్నం పెడితే దొర ముందర మర్యాదగా ఉంటాదా? దొర పోయినంక చూస్తాం," అన్నారు రెడ్డి గారు.

పండగనాడు పాలెమంతా ఖాళీ విస్తళ్ల ముందు బారులు తీరి కూర్చుని నోళ్లు తెరిచింది. తెలుగు పరీక్ష ప్యాసైన కలెక్టరు దొర వంగి వంగి చూశాడు.

"మీ దంతములు బహు ప్రశస్తముగా నున్నవి! కరువు పట్టిన గ్రామములలో జెముడు పండ్లు తిని నోళ్లు ఎర్రబారును. అట్టి చోటనే గంజి కేంద్రము తెరిచెదము. ఇచట అవసరము లేదు."

రెడ్డి గారి ముఖం పాలిపోయింది. గంజికి బియ్యం పోసే కాంట్రాక్టు తన బామ్మర్దికి ఇస్తానని ఇదివరకే మాట ఇచ్చి ఉన్నారు.

కొత్త సంవత్సరం భోజనాలకు మళ్లీ దయచేయమని దొరను బతిమాలి ఒప్పించారు. మరునాడే ఏసన్న డప్పు మోగింది: "ఈ తూరి అందరి పండ్లూ ఎర్రగా ఉండాలహో!"

"జెముడు పొదలు తమరే కాల్పించిరి గదా సామీ," అన్నాడు దావీదురాజు.

"యాడిదైతే ఏమప్పా, ఎరుపు ఎరుపే!"

రెడ్డి గారు గంపలకొద్దీ ఆకూ వక్కా తెప్పించారు. ప్రజల ఆకలి కోసం అంత చేతిచమురు వదిలించుకున్న నాయకుడు ఆ చుట్టుపక్కల లేడు. ఖాళీ కడుపున వక్క నమిలేసరికి సగం మందికి తల తిరిగింది. అయ్యవారి భార్య కృపమణి గోడ పట్టుకుని కూలబడింది.

"ఇంగ కొంచెం నములు. ఈ పొద్దుతో అయిపోతాది," అన్నాడు దావీదురాజు, ఆమె ముఖం చూడలేక.

దొర వచ్చాడు. చూశాడు. వాసన కూడా చూశాడు. ఆయన ముఖం వికసించింది.

"తాంబూలము! భోజనానంతరము తాంబూలము సేవించు ప్రజలు! ఇట్టి సౌభాగ్యము నేనెచటను చూచి యెరుగను!"

ఆ ఏడే కంబగిరిరెడ్డి గారికి రావుసాహెబు బిరుదు వచ్చింది.

దొర దావీదురాజునూ మరిచిపోలేదు, పక్క జిల్లా కలెక్టరుకు సిఫారసు చేశాడు. బద్వేలు వైపు జనం నోళ్లు మరీ ఎర్రగా ఉన్నాయట, గంజి ఖర్చు సర్కారు మోయలేకపోతోందట. దంతరక్షణలో ఆరితేరినవాడు గనక అతణ్ణి వెంటనే అక్కడికి పంపమని ఉత్తర్వు వచ్చింది.

కృపమణి చాపా చెంబూ మూట కట్టింది.

"ఆడ నిజంగా గంజి పోస్తాండారా?" అని అడిగింది.

"పోస్తాండారు," అన్నాడు దావీదురాజు, మూట భుజానికెత్తుకుంటూ. "మనం పోయేదాకా పోస్తారు."