ఏడో నెంబరు మాట

గుండ్లకమ్మ ఏరు పొంగి దారిలోని చప్టాను ఎత్తుకుపోయిన వరద తర్వాత మూడో వేసవి అది. కొనకనమిట్ల దగ్గరి ఆ పల్లెలో బోర్లన్నీ ఎండిపోయి, తాగడానికి ట్యాంకరే దిక్కయింది. ఆ ఉదయం యల్లయ్య అనుకున్న పని చిన్నదే. పాల కేంద్రంలో పాలు పోసి, ఎండెక్కకముందే వచ్చి గడ్డివామి చుట్టూ ముళ్లకంప వేయాలి. వానలు పడేదాకా గేదెకు ఆ వామే ఆధారం.

కేంద్రం నడిపే అల్తాఫ్ ముందురోజే కొత్త సాఫ్ట్‌వేర్ వేశాడు. అది ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ ఒకేలా నడుస్తుంది. మిషనులో పోసిన పాలు పరీక్షించి, ఫలితాన్ని తెలుగులో మైకులో చెబుతుంది.

“యల్లయ్య. పాలలో నీళ్లు కలిశాయి,” అంది మైకు, ఊరంతా వినేలా.

వరుసలో వెనకున్న బ్రహ్మం పోసిన పాలకు మాత్రం, “చిక్కని పాలు, సంతోషం,” అంది.

యల్లయ్య మాట్లాడటం కూడా ఖర్చే అనుకునే మనిషి. ఖాళీ క్యాను తీసుకుని ఇంటికి నడిచాడు. మిగతావాళ్ల వంతు రాకముందే కరెంటు పోయింది. పనిలేక నిలబడ్డవాళ్లకు ఆలోచన ఎక్కువైంది. మరో ఊరైతే యల్లయ్యను తిట్టేవారు. ఇక్కడ అందరికీ ఒకటే అనుమానం వచ్చింది: కలపడానికి నీళ్లెక్కడివి?

పక్కింటి అంజలి బిందెతో యల్లయ్య ఇంటికి వచ్చేసింది.

“ఏం సావిత్రమ్మత్తా, బోరు పడిందంట గదా! ఒక్క మాటన్నా చెప్పకపోతివే!”

“బోరేందే తల్లీ? మాకే చెంబెడు నీళ్లు లేవు,” అంది యల్లయ్య భార్య సావిత్రమ్మ.

“పాలల్లో పోసేదానికుంటాయి, మాకు పోసేదానికి లేవా?”

చూస్తుండగానే బిందెలు వీధి మలుపుదాకా వరుస కట్టాయి. యల్లయ్య నోరు విప్పకపోవడంతో అనుమానం రూఢి అయింది. అందరికంటే బ్రహ్మం గొంతే పెద్దది.

“బోరు ఈ వామి కిందే ఉంటాది. పీకండ్రా!”

గడ్డి గాలిలోకి లేచింది. యల్లయ్య చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

“నా బర్రె తిండిరా,” అన్నాడు. ఎవరూ వినలేదు. సావిత్రమ్మ అల్తాఫ్ దగ్గరికి పరుగెత్తింది. అల్తాఫ్ ఆ సాఫ్ట్‌వేర్ రాసిన శిల్పకు మార్కాపురానికి ఫోను చేశాడు.

“అక్కా, నీ సాఫ్ట్‌వేర్ మా యల్లయ్య మామ వామి పీకిస్తాంది!”

“కంప్యూటర్‌లో పాత లైబ్రరీ, అదే పాత సాఫ్ట్‌వేర్ తాలూకు ఫైలు, తీసేసినావా?”

“బాగున్నదాన్ని ఎవరన్నా పారేస్తారా? ఎప్పుడన్నా పనికొస్తాదని ఉంచినా.”

“అదే కొంప ముంచింది. ఇప్పుడు పాలు చూసేది పాత లైబ్రరీ. అది నెంబరు ఒక్కటే చెప్తాది. ఆ నెంబరుకు తెలుగు మాట తీసేది కొత్తది. పాతదాంట్లో ఏడంటే మంచి పాలు, ఎనిమిదంటే నీళ్లు. కొత్తదాంట్లో తారుమారు. పాతది తీసేసి మళ్లీ చూడు.”

కరెంటు వచ్చింది. అల్తాఫ్ పాత లైబ్రరీ తీసేసి, పక్కన పెట్టిన శాంపిల్ సీసాలు మళ్లీ పరీక్షించాడు. మైకు గొంతు పూర్తిగా పెంచాడు.

“యల్లయ్య. చిక్కని పాలు, సంతోషం.”

వామి మీది చేతులు ఆగాయి.

“బ్రహ్మం. పాలలో నీళ్లు కలిశాయి.”

బ్రహ్మం చేతిలోని గడ్డిని మెల్లగా కింద పెట్టాడు.

“మిషను మళ్లీ చెడిపోయినట్టుంది,” అన్నాడు.

అప్పటికే బిందెలన్నీ ఆయన ఇంటివైపు తిరిగాయి. పెరట్లో తాళం వేసిన రేకుల గదిలో నీళ్లున్న బోరు దొరికింది.

మర్నాడు పొద్దున్నే యల్లయ్య బిందె తీసుకుని వెళ్లి బ్రహ్మం పెరటి వరుసలో అందరికంటే ముందు నిలబడ్డాడు.

“ఏం మామా, నువ్వు గూడానా?” అన్నాడు బ్రహ్మం.

“పాలల్లోకి కాదులే,” అన్నాడు యల్లయ్య.