మా ఊరి కొళాయికి ఎన్నికలు కావాలి

పంచాయతీ ఎన్నికలు ఐదేళ్లకోసారి పెట్టడం సామాన్యుడికి జరుగుతున్న ఘోరమైన అన్యాయం. నెలకోసారి పెట్టాలి. ప్రభుత్వానికి ఓపిక ఉంటే పక్షానికోసారి పెట్టినా మాకు అభ్యంతరం లేదు!

నవ్వకండి. నేను అనుభవం మీద చెబుతున్న మాట. దర్శికి కాస్త దూరంలో నల్లచెలమపాడు అనే ఊళ్లో బూత్ నడుపుతున్నవాణ్ణి నేను. పోలింగ్ బూత్ కాదు, ఎస్టీడీ బూత్. ఊళ్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడినా అద్దాల తలుపు ఇవతల కూర్చుని వినక తప్పని ఉద్యోగం. ఈమధ్య అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చి నా విజ్ఞానం తగ్గిపోతోంది గానీ, ఈ కథ మొదలైన రెండువేల ఆరులో ఇంకా బాగానే ఉండేది.

సామాన్యుడు ఓటెందుకు వేస్తాడని పట్నంలో మేధావులు పేపర్లలో తెగ రాస్తుంటారు. కులం కోసమట. సీసా కోసమట. వీళ్లెవరూ మా పడమటి బజారు కొళాయి దగ్గర ఒక్క పూట కూడా నిలబడిన పాపాన పోలేదు. మా ఊళ్లో ఓటు వేసేది మంచినీళ్ల కోసం. అంటే నీళ్లిచ్చే నాయకుడి కోసమని అనుకునేరు. అంత అత్యాశ మాకు లేదు. ఎన్నికలొస్తే నీళ్లొస్తాయి. ఎన్నికలైపోతే ఆగిపోతాయి. అంతే లెక్క.

మా ఊరికి ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది. చెరువు నుంచి దానిలోకి నీళ్లు ఎక్కించే మోటారు ఎప్పుడో కాలిపోయింది. తూర్పు బజారు వాళ్లు దర్శి నుంచి మినరల్ వాటర్ క్యాన్లు తెప్పించుకుంటారు. పడమటి బజారు వాళ్లు చేతిబోరు కొట్టుకుంటారు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పప్పు ఉడకదు. టీ పెడితే విరిగిపోతుంది. తాగినవాళ్లకు నడివయసు దాటకుండానే మోకాళ్లు పట్టేస్తాయి.

అయితే ఏ ఎన్నిక వచ్చినా బుల్లయ్య గారి పొగాకు చేలో ఉన్న మోటారు ట్రాక్టరెక్కి వచ్చి ట్యాంకు కింద కూర్చుంటుంది. పోలింగ్ అయిన సాయంత్రమే మళ్లీ ట్రాక్టరెక్కి చేలోకి వెళ్లిపోతుంది. అసెంబ్లీకైనా, మండలానికైనా, సహకార సంఘానికైనా ఇదే పద్ధతి. ఇంత క్రమశిక్షణ గల మోటారు ప్రకాశం జిల్లాలో మరొకటి ఉండదని నేను పందెం కాస్తాను.

అలాంటి మా ఊరికి ఆ ఏడు పెద్ద ఆపద వచ్చింది. ఊళ్లో రెండు వర్గాలున్నాయి. ఒకదానికి పెద్ద వెంకయ్య గారు, రెండోదానికి బుల్లయ్య గారు. వీళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరని మేమంతా ఎంతో ధైర్యంగా ఉండేవాళ్లం. ఆ ఇద్దరూ కలిసిపోయారు! సర్పంచి పదవి ఆడవాళ్లకు రిజర్వయింది కాబట్టి వెంకయ్య గారి కోడలు మాధురి సర్పంచి, బుల్లయ్య గారి మనిషి ఉపసర్పంచి అని ఒప్పందం కుదిరింది. ఏకగ్రీవమైతే ప్రభుత్వం నజరానా కూడా ఇస్తుంది. మాధురి పిల్లల చదువుల కోసం గుంటూరులో కాపురముంటుంది. నామినేషన్ మీద సంతకం పెట్టడానికి కారులో వచ్చి, పెట్టి, అదే కారులో వెళ్లింది.

తూర్పు బజారులో స్వీట్లు పంచారు. పడమటి బజారు వాళ్లు బిందెలు పట్టుకుని మళ్లీ చేతిబోరు దగ్గరికి నడిచారు. పోటీ లేకపోతే పోలింగ్ లేదు. పోలింగ్ లేకపోతే మోటారు లేదు. రాజ్యాంగం మీద ఇంత స్పష్టమైన అవగాహన ఢిల్లీలో కూడా ఉండదు.

ఆ బజారులో నసీమున్నీసా అని ఒకావిడ ఉంది. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. భర్త రసూల్ దర్శికి ఆటో తోలతాడు. అత్త జానీబీ మోకాళ్లు ఎప్పుడో వంగిపోయాయి. గోడ పట్టుకుని నడుస్తుంది, ఎక్కువసేపు అదీ నడవలేదు. అంతకుముందు మండలం ఎన్నికలప్పుడు కొళాయి నీళ్లు తాగి జానీబీ, "ఇవి తియ్యగున్నాయే అమ్మాయ్, ఇంకో గ్లాసు పట్టుకురా" అన్నదట. రెండో రోజు అడిగేసరికి మోటారు వెళ్లిపోయింది. ఆ మాట చెప్పి, "లేవని చెప్పటానికి నోరు రాలేదన్నయ్య గారూ" అన్నది నసీమున్నీసా. నామినేషన్లకు ఆఖరి రోజున నా బూత్‌కి వచ్చి అన్నది. నిలబడాలంటే ఏమేం కావాలో మండలాఫీసుకి ఫోన్ చేసి కనుక్కోమన్నది.

గెలుస్తావా అని అడిగాను. గెలవడానికి కాదంది. ఎన్నిక జరగడానికంది.

అయ్యా, ప్రజాస్వామ్యం ఇంత శుద్ధమైన రూపంలో నా ఎదురుగా నిలబడటం అదే మొదటిసారి. పదవి వద్దు, పేరు వద్దు, కేవలం పోలింగ్ కావాలి! రసూల్ ఆటోలో ఆఫీసుకి వెళ్లి ఆవిడ నామినేషన్ వేసింది. పక్కింటి సుబ్బరావమ్మ ప్రతిపాదిస్తూ సంతకం చేసింది.

ఆ కబురు ఊరు చేరడం, ట్రాక్టరు చప్పుడు వినపడటం దాదాపు ఒకేసారి జరిగాయి. మర్నాడు పొద్దున్నే పడమటి బజారు కొళాయి దగ్గుతూ, గాలి వదులుతూ, చివరికి నీళ్లు వదిలింది. బిందెలు కడిగిన ఆడవాళ్లు నవ్వుతూనే ఉన్నారు. జానీబీని కోడలు చెయ్యి పట్టుకుని కొళాయి దాకా తీసుకొచ్చింది. ఆ ముసలావిడ దోసిలి పట్టి తాగి, తడి చేతులతో మొహం తుడుచుకుంది.

ఆ తర్వాత కలిగిన మేళ్లు ఒకటా రెండా? పడమటి బజారు ఎటువైపుందో తెలియని బుల్లయ్య గారు రోజూ సాయంత్రం అక్కడే షికారు చేయసాగారు. బల్బులు మాడిపోయిన వీధి స్తంభాలకు కొత్తవి తగిలించారు. గుంటల్లో కంకర పడింది. వెంకయ్య గారు స్వయంగా జానీబీ మోకాళ్ల నొప్పులకు నూనె సీసా తెచ్చి, ఎలా రాసుకోవాలో కూడా చెప్పారు. ఒక ముసలావిడ మోకాళ్ల గురించి ఊరి పెద్ద అరగంట మాట్లాడాడంటే, చెప్పండి, ఎన్నిక కాక మరే దేవుడు చేయించగలడు ఆ పని?

అన్నిటికంటే విచిత్రం, పోటీలో ఉన్న మాధురే తన జాకెట్లన్నీ నసీమున్నీసాకి కుట్టడానికిచ్చింది. మామగారే పంపారు, మంచి చేసుకుని రమ్మని. నసీమున్నీసా కొలతలు తీసుకుంటుంటే మాధురి మెల్లగా, తనకీ ఈ పదవి ఇష్టం లేదనీ, పిల్లల పరీక్షలప్పుడు ఇక్కడ కూర్చోవడం కుదరదనీ, మామయ్య సంతకం పెట్టమంటే పెట్టాననీ చెప్పుకుంది. నసీమున్నీసా విని, చేతులు బిగుతుగా ఉండాలా వదులుగా ఉండాలా అని అడిగింది. జాకెట్లు మాత్రం బ్రహ్మాండంగా కుట్టింది.

నామినేషన్లు వెనక్కి తీసుకునే రోజున వెంకయ్య గారు తెల్లారగానే వచ్చి నసీమున్నీసా వాళ్ల అరుగు మీద కూర్చున్నారు. బుల్లయ్య గారు పక్కనే నిలబడ్డారు. నన్ను మధ్యవర్తిగా పిలిచారు కాబట్టి నేనూ ఉన్నాను. రసూల్ ఆటోకి దర్శి స్టాండులో మంచి చోటు ఇప్పిస్తామన్నారు. సుబ్బరావమ్మకి పెన్షన్ రాయిస్తామన్నారు. నసీమున్నీసా తల వంచుకుని కాజాలు కుడుతూ కూర్చుంది.

వెంకయ్య గారికి ఓపిక తగ్గింది. "నీళ్లు రావటం లేదని కదమ్మాయ్ నీ బాధ. వస్తున్నాయి కదా. ఇంక నిలబడటం దేనికి?"

"నిలబడ్డానని వస్తున్నాయి బాబాయ్. దిగిపోతే ఆగిపోతాయి."

"ఆగవు. నేను మాటిస్తున్నా."

"పోయిన ఎన్నికల్లో మా మామకీ ఇచ్చారు కదండీ ఆ మాట. ఆయన పోయాడు, మాట మాత్రం ఇంకా రాలేదు."

బుల్లయ్య గారు గొంతు సవరించుకుని మా మోటారు మాకు చేలో అవసరం అనబోయారు. వెంకయ్య గారు ఆయన మోచేతి మీద తట్టి ఆపేశారు. మధ్యాహ్నం మూడైంది. గడువు దాటింది. ఆవిడ దిగలేదు.

ఆవిడకి గుర్తుగా కత్తెర వచ్చింది, మాధురికి ఉంగరం. పోలింగ్ రోజు పడమటి బజారు మొత్తం, మంచం పట్టినవాళ్లతో సహా, కదిలివచ్చింది. జానీబీని రసూల్ ఆటోలో బడి దాకా తెచ్చి, లోపలికి ఎత్తుకెళ్లాడు. తూర్పు బజారులో కూడా కొంతమంది ఆడవాళ్లు గుట్టుగా కత్తెర మీద గుద్దారని నాకు తర్వాత తెలిసింది. క్యాన్లు మోసి నడుములు పోయేది వాళ్లకే గదా. ఒంటిగంటకి పోలింగ్ ముగిసింది. భోజనాలయ్యాక అక్కడే లెక్కపెట్టారు.

నసీమున్నీసా ఓడిపోయింది. కాస్తలో ఓడిపోయింది. ముద్ర రెండు గుర్తుల మధ్యన పడిందనీ, సిరా అంటుకుపోయిందనీ పక్కన పెట్టేసిన ఓట్లు అంతకు ఎన్నో రెట్లున్నాయి. మళ్లీ లెక్కపెట్టమని ఆవిడ అడిగితే, అక్కడి అధికారి బస్సు టైమవుతోందన్నాడు.

ఊరేగింపు తూర్పు బజారు దాటకముందే ట్రాక్టరు ట్యాంకు దగ్గరికొచ్చింది. మోటారు విప్పారు. నసీమున్నీసా ఇంటి ముందు నుంచే తీసుకెళ్లారు. నేను ఓదార్చుదామని వెళ్లేసరికి ఆవిడ ఏడవడం లేదు. ఇంట్లో ఉన్న బిందెలూ చెంబులూ అన్నీ ముందుంచుకుని, ఇవి అత్తకి ఎన్నాళ్లు సరిపెట్టొచ్చో చూసుకుంటోంది. ఓడిపోతానని తెలుసుననీ, దానికి బాధ లేదనీ అన్నది. "ఒక్క రాత్రి ఆగలేకపోయారు, చూడండి" అని మాత్రం అన్నది.

ఇక్కడితో అయిపోతే ఇది మామూలు ఊరి కథే. కానీ ప్రజాస్వామ్యానికి చాలా కాళ్లున్నాయండీ!

రసూల్ ఆటోలో రోజూ కోర్టుకి వెళ్లే ఇమ్మానియేలు అనే లాయరు ఈ సంగతి విన్నాడు. పక్కన పెట్టిన ఓట్ల మీద కేసు వేయొచ్చన్నాడు. వేశాడు. ఎన్నిక రద్దయి మళ్లీ పోలింగ్ జరిగినా జరగవచ్చని మాధురి పేరు మీద నోటీసు వచ్చింది. మాధురి గుంటూరులో ఉంది కాబట్టి వెంకయ్య గారే తీసుకుని, నా బూత్‌లో నుంచే బుల్లయ్య గారికి ఫోన్ చేశారు. వెంకయ్య గారు అన్నది ఒకే ఒక్క మాట. "మోటారు పంపు."

ఆ రోజు వచ్చిన మోటారు రెండేళ్లయినా కదల్లేదు. చరిత్రలో మొదటిసారి మా ట్యాంకు ఎండాకాలంలో నీళ్లు చూసింది. పడమటి బజారులో పప్పు ఉడికింది. నసీమున్నీసా టీ తాగినవాళ్లు రెండోది అడగడం మొదలుపెట్టారు. వాయిదా ఉందంటే చాలు, ముందు రోజు వెంకయ్య గారు వచ్చి జానీబీ మోకాళ్ల సంగతి అడిగి వెళతారు. ఒక వాయిదాకి సాక్షి రాడు, ఇంకో వాయిదాకి అవతలి లాయరుకి జ్వరం. నేనెవరినీ తప్పుపట్టడం లేదు. న్యాయం ఆలస్యమైతే అన్యాయమని ఎవరన్నారో గానీ, మాకు మాత్రం ఆలస్యమైన ప్రతిరోజూ రెండు పూటలా కొళాయి వచ్చింది!

ఆ సంబరంలో ఉండగా మొన్న ఇమ్మానియేలు నుంచి ఫోన్ వచ్చింది. మనిషి ఉబ్బితబ్బిబ్బవుతున్నాడు. వచ్చే వాయిదాకి పెట్టెలు తెరిచి అన్ని ఓట్లూ మళ్లీ లెక్కపెడతారట. గెలుపు ఖాయమట. నసీమున్నీసాని పిలిపించాను. ఆవిడతో పాటు సుబ్బరావమ్మా, బజారులో మరికొందరూ వచ్చారు. కబురు చెబితే ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు.

నసీమున్నీసా రిసీవర్ తీసుకుని, ఇంకో వాయిదా అడగమంది.

గెలిచే కేసుకి వాయిదా ఏమిటమ్మా అని అతను అరిచిన అరుపు అద్దం ఇవతల నాకు వినపడింది.

"గెలిస్తే బుల్లయ్య గారు మోటారు పట్టుకుపోతాడు. ఓడితే వెంకయ్య గారు పంపించేస్తాడు. సర్పంచినై కొత్త మోటారుకి అర్జీ పెడితే ఎప్పుడొస్తుందో మీరు చెప్పగలరా?"

మోటారు కోసం ఇదివరకటి సర్పంచి పెట్టిన అర్జీ ఏమైందని అతను అడిగాడు.

"ఇంకా తిరుగుతానే ఉందటండీ. మా అత్త ఉన్నన్నాళ్లయినా నీళ్లు రానివ్వండి."

సుబ్బరావమ్మ ఆవిడ భుజం మీద చెయ్యేసింది. జ్వరం ఈసారి తనకే వస్తుందన్నాడు ఇమ్మానియేలు.

వచ్చింది. వాయిదా పడింది. ఈ ముక్క రాస్తున్న పొద్దున కూడా కొళాయి వచ్చింది.

కాబట్టి ప్రభుత్వం వారికి నా మనవి. ఎన్నికలు పెట్టండి. మేం పొద్దున్నే స్నానాలు చేసి వచ్చి, వరసలో నిలబడి, వేలికి సిరా పూయించుకుని ఓట్లేస్తాం. పెట్టెలకి సీళ్లు వేసి జాగ్రత్తగా దాచండి. లెక్క మాత్రం పెట్టకండి. తేలనంతకాలం అందరూ మంచివాళ్లే.

అలా కుదరదంటారా? అయితే ఇంకో చిన్న సంగతి. ఒక రాజ్యాంగం, ఇన్ని ఎన్నికలు, ఒక పంచాయతీ, ఒక కోర్టు, వంగిపోయిన మోకాళ్లతో ఆటోలో వచ్చి ఓటేసిన ఒక ముసలావిడ. ఇవన్నీ కలిసి మా ఊరికి ఇప్పటిదాకా ఇవ్వగలిగింది పొగాకు చేలోంచి అరువు తెచ్చిన ఒక మోటారు. మాదంటూ ఒకటి ఇప్పించండి. తర్వాత ఓటు ఎవరికి వేయాలో మేమే ఆలోచించుకుంటాం.