పొడిగింపు అమ్మవారు

చిన్నపిల్లల ఒంటిమీద నీటిపొక్కులు లేచే జబ్బుకు బహ్రెయిన్ తెలుగువాళ్ళలో ఇకనుంచి 'పొడిగింపు' అని పేరు ఖాయమైనదని తెలియజేయడమైనది. ఇంతకుముందు కోస్తావాళ్ళు ఆటలమ్మ అనేవారు, తెలంగాణవాళ్ళు తల్లి పోసింది అనేవారు. ఇరుపక్షాలూ ఒక పేరుకు ఒప్పుకున్నది ఇదే మొదలు.

గుదైబియాలో వంటపని చేసే గణపతి, భార్య సత్యకుమారినీ ఐదేళ్ళ కూతురు లక్ష్మీదుర్గనూ రెండు నెలల విజిట్ వీసా మీద పిలిపించుకున్నాడు. తిరుగు ప్రయాణం ఎల్లుండి అనగా పిల్లకు పొక్కులు లేచాయి. పొక్కులెండి పక్కులు రాలిపోయేదాకా విమానం ఎక్కించకూడదని డాక్టరు కాగితం రాసిచ్చాడు. వీసా పదిహేను రోజులు పొడిగించారు. పిల్ల ఒళ్ళు కాలిపోతూంటే గణపతి మెట్లమీద అందరికీ పాయసం పంచాడు. సత్యకుమారి డాక్టరు కాగితానికి పసుపు రాసి దేవుడి పటం పక్కన పెట్టింది.

పూర్వం గుమ్మానికి వేపకొమ్మ కడితే లోపలికి రావద్దని అర్థం. ఇప్పుడు పెళ్ళాంపిల్లల్ని విజిట్ వీసా మీద తెచ్చుకున్నవాళ్ళంతా ఆ కొమ్మనే గుర్తుపెట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. విజిట్ వీసా పిల్లలందరినీ లక్ష్మీదుర్గ పక్కన కూర్చోబెట్టారు, ఆ పిల్ల దుప్పటినే వాళ్ళకూ కప్పారు. తెలుగు సంఘం అధ్యక్షులు సోమేశ్వరరావుగారు స్వయంగా విచ్చేసి ప్రసంగించారు. "ప్రాంతీయ భేదం లేకుండా ఈ జబ్బును ప్రతి బిడ్డకూ అందించడానికి మన సంఘం కట్టుబడి ఉన్నది. దయచేసి వరుసలో రండి." ఆయన పిల్లలు జింజ్‌లో ఆయన దగ్గరే ఉంటారు. ఆ వారమంతా వాళ్ళను గడప దాటనివ్వలేదు.

వరుసలో ముందున్నవాడు ముత్తన్న. హమద్ టౌన్‌లో తాపీపని. కూతురు కళ పుట్టేనాటికి ఇక్కడే ఉన్నాడు. తల్లి వినోదతో కలిసి వచ్చిన కొత్తలో ఆ పిల్ల అతన్ని వారం రోజులు అంకుల్ అని పిలిచింది. ఇప్పుడు అతని చెయ్యి తలకింద లేనిదే పడుకోదు. ప్రయాణానికి ఇరవై రోజులుంది. పొక్కులు తేలడానికి రెండు వారాలు పడుతుందని డాక్టరు అన్నాడు. సరిగ్గా సరిపోతుంది.

"ఒక్క కంచంల తినుండ్రి బిడ్డా. ఇంక దగ్గర జరుగు" అన్నాడు ముత్తన్న.

ఆనాటినుంచి డ్యూటీకి వెళ్ళేముందు ఫోను లైటు వేసి కూతురి వీపు పరీక్షించేవాడు. పద్నాలుగో రోజున భుజంమీద ఒక ఎర్రటి మచ్చ కనిపించింది. ముత్తన్న పనివాళ్ళ క్యాంపులో అందరికీ ఫోన్లు చేశాడు. సాయంత్రానికి అది దోమకాటని తేలింది. తోటి పనివాళ్ళు పరామర్శకు వచ్చారు.

దుప్పటి కప్పుకున్న తొమ్మిదిమంది పిల్లల్లో ఎనిమిదిమందికి పొడిగింపు దొరికింది. ఇరవయ్యో రోజున కళ విమానాశ్రయానికి బయలుదేరింది.

"గింతమందికి అచ్చింది. మన బిడ్డకెందుకు రాలేదే?" అని ముత్తన్న లోపలికి వెళ్ళే గేటు దగ్గర భార్యను అడిగాడు.

"ఎట్లస్తది? రెండేండ్ల కింద నువ్వే గదా ఈడికెల్లి ఫోన్ జేసి సూది ఏయించుమన్నవు. పైసలు ఎంతన్న గానీ, నా బిడ్డకు ఏ రోగం రావద్దన్నవు" అంది వినోద.

కళ ఆరోగ్యం అన్నివిధాలా సంతృప్తికరంగా ఉన్నందున విమానం వారు ఆమెను ఎక్కించుకున్నారు.

ఎంత అజ్ఞానమని మీకు నవ్వు రావచ్చు. నవ్వండి, కానీ మెల్లగా. పక్కగదిలో మీ పిల్లలు నిద్రపోతూ ఉంటారు.